తడి అంచు

సీలింగుకి రంగు మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. గోడైతే ఫరవాలేదు, ఇవాళ కొంత, రేపు కొంత అనుకోవచ్చు, మూల చూసి ఆపుకోవచ్చు, ఆపినచోట కేలెండరు తగిలించి ఊరుకోవచ్చు. సీలింగు దగ్గర ఆ పప్పులుడకవు. వేసిన పట్టీ అంచు తడిగా ఉండగానే పక్క పట్టీ వచ్చి దాని మీద పడాలి, ఆ తడీ ఈ తడీ ఒకటైపోవాలి. అంచు ఆరిందా, తర్వాత ఎంత రుద్దినా అక్కడొక గీత మిగిలిపోతుంది, మొత్తం ఇంకో కోటింగు వేస్తే తప్ప పోదు. ఇది తెలిసే చిన్నారి ఫేను ఆపేసి దాని రెక్కలకి పాత లుంగీ చుట్టింది, గాలి తగలకుండా కిటికీలు మూసింది, ఎవరూ తోసుకు రాకుండా తలుపుకి గడియ పెట్టింది, నెత్తికి పాలిథిన్ కవరు కట్టుకుంది, ఫాల్గుణమాసపు ఎండకి అప్పటికే కాగుతున్న పైగదిలో తన మీద తనే మూత పెట్టుకుని, బెల్లం కొట్టునుంచి తెప్పించిన పొడుగుబల్ల ఎక్కింది. మొదటి పట్టీ అయింది. రెండోది సగంలో ఉండగా మెట్ల మీంచి అత్తగారు సూర్యకాంతమ్మ గొంతు వినిపించింది.

"చిన్నారీ! మొదలెట్టేసేవేటే?"

"మొదలెట్టేనత్తయ్యా."

"అయితే దిగకు, దిగకు. గీత పడిపోతాది. నేనిక్కణ్ణించే సెప్తాను. బేంకులో పన్జేసే ఆయనంట, మొగుడూ పెళ్ళాం ఇద్దరే, పదకొండు దాటేక గది సూసుకోడానికి వత్తన్నారు. నచ్చితే ఈ నెల్లోనే అద్దెకి దిగిపోతారంట. నీటుగా ఎయ్యమ్మా. ఆవిడకి శుభ్రం ఎక్కువంట."

ఆ మాట మెట్ల మీద పెట్టేసి సూర్యకాంతమ్మ వెళ్ళిపోయింది. చెప్పుల చప్పుడు ఒక్కో మెట్టూ దిగుతూంటే చిన్నారి నోరు తెరుచుకునే ఉంది, ఏదో అందామనే తెరిచింది, అందులో ఒక చుక్క రంగు పడింది, సున్నం నాకినట్టుంది, ఉమ్మేద్దామంటే కింద శుభ్రంగా పరిచిన పేపర్లు, మింగేద్దామంటే మింగుడు పడదు, భుజం మీద జాకెట్టుకి తుడుచుకుంది. చెయ్యి మాత్రం ఆగలేదు. ఆ చెయ్యికి చెవులు లేవు. రోలరు ముందుకెళ్ళి వెనక్కొస్తోంది, తడి తడిని కలుపుకుంటోంది, గది అద్దెకి, ఏ గది, ఈ గది, మరి తను ఇంతసేపూ ఎవరి గదికి రంగేస్తోంది. దిగి వెళ్ళి అడగాలి. దిగితే అంచు ఆరుతుంది. అత్తగారికి ఆ సంగతి తనకన్నా బాగా తెలుసు, పొద్దున్న కాఫీ దగ్గర చెప్పలేదు, ఇడ్లీల దగ్గర చెప్పలేదు, రోలరు పైకెత్తేదాకా ఓపిగ్గా ఉండి, దిగలేని సమయం చూసి చెప్పింది. ఎంత తెలివైనదో అని చిన్నారికి ఒక్క క్షణం ముచ్చట కూడా వేసింది, ఆ తర్వాత రోలరుని ఇంకాస్త గట్టిగా నొక్కింది.

ఈ గది తనదని ఎవరన్నారు? రామ్‌గోపాల్ అన్నాడు. పెళ్ళాంతో ఒక మాట, తల్లితో ఒక మాట చెప్పే మనిషి కాడు పాపం, ఇద్దరితోనూ ఒకే మాట చెప్తాడు, "సరే" అని. అప్పటికిది గోనెసంచుల గది, కొట్లో పట్టని ఖాళీ సంచులన్నీ ఇక్కడే, వానాకాలం వస్తే సంచులకంటిన బెల్లపు చెమ్మకి చీమలు గోడెక్కి జాతర చేసేవి. అరిగిపోయిన సంచులు అమ్మేసినరోజు ఖాళీ గదిలో ఇద్దరూ నిలబడితే కిటికీలోంచి వెలుగు నేల సగందాకా వచ్చింది, మావిడల్లం రంగు వెలుగు, చిన్నారి ఆ వెలుగులో చెయ్యి పెట్టి చూసుకుని, "ఇక్కడ ఎంబ్రాయిడరీ మగ్గం పెట్టుకుంటే దారం కొస కూడా కనబడతాదండీ" అంది. "సరే, పెట్టుకో. పైగది నీదే" అన్నాడు రామ్‌గోపాల్. ఆ "నీదే" అన్నప్పుడు అతను ఫోను కూడా చూసుకోలేదు, మొహంలోకే చూసి అన్నాడు, అందుకే నమ్మింది. నమ్మి, చీమల పుట్టలు తవ్వి పోసింది, గోడలకంటిన పీచంతా గీకింది, సీలింగు పెచ్చులూడిన చోటల్లా పుట్టీ పెట్టి గరుకుకాగితంతో రుద్దింది, ఆ రుద్దిన పొడి రెండ్రోజులు దగ్గులో వచ్చింది. కొత్తమావాస్య జాతర వస్తోంది, ఊళ్ళో అందరూ ఇళ్ళకి వెల్లలేసుకుంటున్నారు కదా, ఆ వంకన రంగు తెమ్మంటే రామ్‌గోపాల్ మారుమాట్లాడకుండా తెచ్చేడు, మంచిరకం తెచ్చేడు, రోలరుతో సహా తెచ్చేడు. ఎప్పుడైనా ఒక్కసారి చెప్తే తెచ్చిన మనిషేనా అని అప్పుడైనా అనుకోవలసింది.

రెండో పట్టీ అయిపోయింది. బల్ల దిగి, బల్లని జరిపి, మళ్ళీ ఎక్కింది. దీన్ని దిగడం అనకూడదు, ఖైదీని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారిస్తే విడుదల అంటారా. మెడ వెనక నరం లాగుతోంది, పాలిథిన్ కవరు కింద చెమట పాకి కనుబొమ్మల దగ్గర ఆగి, రంగుచుక్కతో కలిసి కంట్లోకి జారే వేళ కోసం చూస్తోంది. మూసిన కిటికీ అవతల వీధిలో బెల్లం దిమ్మల ఆటో ఒకటి మలుపు తిరగలేక హారన్ కొడుతోంది, ఆ వెనకే ఇంకోటి, తియ్యటి వాసన మూసిన తలుపుల సందుల్లోంచి కూడా వస్తుంది, ఈ ఊరి వాసన, కొత్తగా కాపరానికొచ్చినప్పుడు రాత్రీ పగలూ ఎవరో పాకం పెడుతున్నట్టుండేది, తర్వాత ముక్కు మర్చిపోయింది. ముక్కొక్కటేనా. మాకవరపాలెంలో నాన్న బియ్యం కొట్టు వెనక తను ముగ్గేస్తే చుక్క పక్కకి పోయేది కాదు, చూసినవాళ్ళందరూ ఎంత నీటో అనేవాళ్ళు, అమ్మ పొంగిపోయేది. పెళ్ళిచూపులకి వచ్చిన సూర్యకాంతమ్మ పిల్ల మొహం చూసింది తక్కువ, కుర్చీమీది దిండుగలేబుకి కుట్టిన కుట్టు తిరగేసి వెనకవైపు చూసింది, ముడులు కనబడలేదు, "పిల్ల నీటు" అంది, సంబంధం ఖాయమైపోయింది. పేరు చిన్నారేమిటమ్మా, పెద్ద పేరు లేదా అని మాత్రం అడిగేరు. పెద్దయ్యేక పెడదామనుకున్నాం, మర్చిపోయేం అన్నాడు నాన్న, అందరూ నవ్వేరు, తనూ నవ్వింది, నవ్వు కూడా నీటుగానే నవ్వి ఉంటుంది.

ఆ "నీటు" అన్న మాటే తాడైంది. నీటుగా చేస్తుంది కదా అని వినాయకుడి పత్రి తనే కట్టాలి, నీటుగా చేస్తుంది కదా అని ఆడపడుచు పిల్లల బారసాలకి తనే అలంకరించాలి, నీటుగా చేస్తుంది కదా అని కొట్టు గుమాస్తా కూతురి ఓణీల ఫంక్షన్‌కి కూడా తననే పంపించేరు. ఎవరూ తిట్టరు. తిడితే తిరగబడొచ్చు. "మా చిన్నారి చెయ్యి పడితే సాలు" అని పదిమందిలో అంటూ ఆ చెయ్యి పట్టుకుని పనిలో పెడతారు. పాడుచేస్తే వదిలేస్తారని చిన్నారికి ఎప్పుడో తెలుసు, తోటికోడలు మాడ్చిన పులిహోర పుణ్యమాని ఆవిడ్ని వంటగదిలోకి ఎవరూ పిలవరు, ఆవిడ హాయిగా టీవీ చూస్తుంది. తనూ ఒకసారి కావాలని చెడగొడదామని చూసింది, దోసె అట్లకాడతో చింపబోయింది, చెయ్యి ఒప్పుకోలేదు, అంచులు సర్దేసింది. మొన్న పింకీ, ఏడో క్లాసు చదివే కూతురు, హోంవర్కులో ఒక గీత వంకర పోయిందని పేజీ చింపి మొత్తం మళ్ళీ రాసింది, రాస్తూ ఏడ్చింది, బొమ్మ బాగానే ఉంది కదే అంటే వినలేదు. సూర్యకాంతమ్మ మనవరాలి తల నిమిరి, "అచ్చం అమ్మే" అని మురిసిపోయింది. చిన్నారికి ఆ పూట అన్నం సయించలేదు.

రోలరు ట్రేలో దొర్లించి, కారకుండా అంచుకి నొక్కి, పైకెత్తింది. ఎడంచేత్తో జాకెట్లోంచి ఫోను తీసింది, వేలికి రంగుంది, తెర మీద తెల్లమచ్చ పడింది, ఆ మచ్చలోంచే రామ్‌గోపాల్ పేరు నొక్కి స్పీకర్లో పెట్టింది. కుడిచెయ్యి తన పని తను చేసుకుంటూనే ఉంది.

"మీకు ముందే తెలుసా?"

"ఏటి?" వెనక బెల్లం వేలంపాట కేకలు వినబడుతున్నాయి. "ఓ, ఆ బేంకాయన సంగతా? అమ్మ సెప్పలేదేటి నీకు?"

"ఇప్పుడు సెప్పేరు. బల్లెక్కేక."

"అదికాదు చిన్నారీ, ఖాళీగా ఉన్న గదే కదా. మగ్గం హాల్లో పెట్టుకుందువులే, నేను అమ్మని అడుగుతాను. జాగర్త, బల్ల మీంచి పడిపోగలవు." ఎవరో "ఏం బావా, పాడతావా, మానేత్తావా" అన్నారు అటువైపు. "వత్తన్నాన్రా" అని పెట్టేసేడు.

జాగర్త అన్నాడు. నిజంగానే అన్నాడు, పడిపోతుందేమోనని భయం అతనికి నిజంగానే ఉంది, అదే చిక్కు, చెడ్డవాడైతే ఎంత బావుండును. హాల్లో మగ్గం. హాల్లో మగ్గం పెట్టడం ఎలా ఉంటుందో చూసేసింది ఒకసారి, పాత మంచం పట్టీలతో తనే చేసుకున్న చిన్న ఫ్రేము, దానికి బిగించిన గుడ్డ మీంచి ఒకరు పాలగిన్నె పట్టుకుని దాటేరు, ఒకరు దాని మీద పేపరు పరిచి చదివేరు, ఆడపడుచు పిల్లవాడు చక్రాల బండి తోలేడు, సాయంత్రానికి సూర్యకాంతమ్మ "ఎవరైనా తన్నుకుంటారే" అని చాలా ప్రేమగా బీరువా వెనక్కి తోయించింది. అదింకా అక్కడే ఉంది, బల్లులు గుడ్లు పెట్టుకుంటున్నాయి. హాలంటే గీత గుర్తొచ్చింది. హాలంటే ఎప్పుడూ ఆ గీతే.

అది కరోనా రోజుల నాటిది. పెయింటర్లు రారు, మావయ్య బంగారయ్య మనసు బాగోలేక హాలంతా చీకటిగా ఉందన్నాడు, ఫోన్లో చూసి నేర్చుకుని తను రోలరు పట్టింది, అదే మొదటిసారి. సగంలో ఉండగా వంటింట్లోంచి అత్తగారు, "చిన్నారీ, అబ్బాయికి పప్పు వడ్డించి ఎల్లవే" అని పిలిచింది. పప్పు గిన్నె అత్తగారి చేతిలోనే ఉంది. అయినా దిగింది, చేతులు కడుక్కుంది, వడ్డించింది, పెరుగు వేసింది, విస్తరి తీసింది, తిరిగొచ్చేసరికి అంచు ఆరిపోయి ఉంది, ఎంత రుద్దితే అంత బాగా కనబడింది, గుమ్మం నుంచి కిటికీ దాకా హాలుని రెండు చేసేసిన గీత. ఎవరు పిలిచేరో అందరూ మర్చిపోయేరు. ఎవరు గీసేరో ఎవరూ మర్చిపోలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, "అదిగో, మా చిన్నారి కూడా ఒకసారి పప్పులో కాలేసింది సూడండి" అని సూర్యకాంతమ్మ పైకి చూపించేది, ఎగతాళిగా కాదు, దిష్టి తీసినట్టు. మంచం మీద పడ్డాక మావయ్య హాల్లోనే ఉండేవాడు, పక్షవాతం మూతిని లాగేసింది, మాట ముద్దముద్దగా వచ్చేది. ఒకరోజు దుప్పటి మారుస్తూ, "ఇంకో కోటింగు వేసేత్తాను మావయ్యా, ఆ గీత పోద్ది" అంటే చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "వద్దమ్మా. ఉంచు. నాకు సూడ్డానికి అదొక్కటే ఉంది" అన్నాడు. ఆయన పోయేవరకూ ఉంచింది, పోయేక తీసెయ్యడానికి చేతులు రాలేదు. ఇప్పటికీ మధ్యాహ్నం నడుం వాల్చితే చూపు ఆ కొసనుంచి ఈ కొసకి నడుస్తుంది, ఎక్కడ వెడల్పో, ఎక్కడ సన్నమో తెలుసు, ఎక్కడ ఆదుర్దాపడి రుద్దిందో కూడా తెలుసు.

మూడో పట్టీ ఎప్పుడైందో తెలీదు. బల్ల జరిపింది. కళ్ళజోడు మీద పడ్డ చుక్కలకి సీలింగంతా జల్లు కురుస్తున్నట్టుంది. ఎంత బాగా వస్తోందో, పాత పసుపుదనం మీదకి తెలుపు ఎక్కడా అతుకు లేకుండా పాకుతోంది, తట్టుకోలేని ఎండలో కూడా చల్లగా కనబడే తెలుపు, ఆవిడెవరో శుభ్రం ఎక్కువావిడ, తల పైకెత్తి చూసి "అబ్బ" అంటుంది, సూర్యకాంతమ్మ "మా చిన్నారి చెయ్యండీ" అంటుంది, ఆ చెయ్యే తన గది తలుపులు తన మొహాన వేస్తుంది. ఎంత బాగా వేస్తే అంత తొందరగా పోతుంది గది. ఈ లెక్క పట్టీ పట్టీకీ తేటగా తెలుస్తోంది, అయినా చెయ్యి బాగానే వేస్తోంది. ఏడుపొచ్చింది చిన్నారికి. పైకి చూస్తూ ఏడిస్తే కన్నీళ్ళు చెవుల్లోకి పోతాయి, ఆ సంగతి ఇవాళే తెలిసింది.

పన్నెండున్నర లోపు చెప్పమంది అజ్మతున్నీసా పిన్ని. శుక్రవారం కదా, మా ఆయన జుమ్మా నమాజుకి వెళ్తూ ఆటో మాట్లాడతాడు, మగ్గం నీ ఇంటికా, అడిగినవాళ్ళకి పాయకరావుపేటకా అన్నది అప్పటికి తేలిపోవాలమ్మా అంది. స్టేషను రోడ్డులో ఆవిడ ఇల్లు, ముందుగదిలో భర్త అల్లాబక్ష్ కుట్టుమిషను, వెనకగదిలో మగ్గం, పెద్దది, టేకుది, నలుగురు కూర్చోవచ్చు. పింకీ స్కూలుకి, అత్తగారు నిద్రకి వెళ్ళే వేళ చిన్నారి కూరల సంచి పట్టుకుని బయల్దేరేది, కూరలు తిరిగొచ్చేటప్పుడు. మొదట్లో పక్కన కూర్చుని చూడ్డమే. బిగించిన గుడ్డ మీద కుడిచేతిలో ఆరీ సూది, గుడ్డ కింద ఎడమచేతిలో దారం, పైచెయ్యి దిగి కిందచేతిని వెతుక్కోవాలి, కళ్ళు సాయం రావు, చీకట్లో ఇద్దరు మనుషులు కబుర్లు చెప్పుకున్నట్టే. ఒకరోజు తల ఎత్తి చూస్తే గంటకి పైనే అయింది, ఆ గంటలో ఒక్కరూ తనని పిలవలేదు. పెళ్ళయిన తర్వాత అలాంటి గంట అదే మొదటిది. కుట్టింది చూసి పిన్ని నీటుగా ఉంది అనలేదు. "మరీ బెదిరిపోయి కుట్టేవు బేటీ, పువ్వుకి ఊపిరాడటం లేదు" అంది. ఆ మాటకి ఎంత సంతోషమేసిందో ఎవరికి చెప్పుకోవాలి. తప్పుపోతే విప్పుకోవచ్చు, గొలుసుకుట్టు కదా, కొస పట్టుకుని లాగితే సరసరమని ఊడొచ్చేస్తుంది, గుడ్డ ఏమీ జరగనట్టు పడుంటుంది. ఇప్పుడు పిన్నికి జరీ కనబడ్డం లేదు, కళ్ళకి ఆపరేషను చేసినా ఇక సన్నపని వద్దన్నారు, ముందు వైశాఖం, పెళ్ళి జాకెట్లు చుట్టూ ఉన్న ఊళ్ళనుంచి వస్తాయి. "మగ్గం నీకే ఇత్తాను, వచ్చేవాళ్ళని నీ దగ్గరికే పంపుతాను, కానీ చోటుందా? వచ్చినవాళ్ళు కూచోవాలి, నువ్వు కూచుంటే ఎవులూ లేపకూడదు. అట్లాంటి చోటుందా?" అని అడిగింది. ఉంది పిన్నీ, పైగది అంది చిన్నారి. ఎంత ధీమాగా అందో.

నాలుగో పట్టీ ఫేను దగ్గరికొచ్చింది. లుంగీ చుట్టిన రెక్కలు మొహానికి తగులుతున్నాయి, ఫేను గొట్టం చుట్టూ బ్రష్షుతో తిప్పాలి, ఇక్కడే అందరూ తేలిపోతారు, రోలరుతో పూసేసి గొట్టం మొదట్లో ఉండే బిళ్ళకి అంటించేస్తారు. చిన్నారి బ్రష్షు కొస నీళ్ళలో ముంచి, పిండి, రంగు అద్ది, ఊపిరి బిగబట్టి గుండ్రంగా తిప్పింది. బిళ్ళకి ఒక్క చుక్క అంటలేదు. తిప్పి, వెనక్కి వంగి చూసుకుంది. సరిగ్గా గది సగం. కిటికీ వైపు సగం తెల్లగా తడిగా మెరుస్తోంది, గుమ్మం వైపు సగం పాత పసుపు, పుట్టీ మచ్చలు. మెరుపు కొస ఫేను మీంచి ఆ గోడనుంచి ఈ గోడకి వెళ్తోంది. రోలరు ట్రేలో ఉంది. తియ్యాలి. తీసి ఆ అంచు మీద పెట్టాలి, ఇప్పుడే, గోడ వైపు మెరుపు అప్పుడే మందగిస్తోంది. కింద చడీచప్పుడూ లేదు, అత్తగారు గుమ్మంలో కూర్చుని ఉంటుంది, ఎవరూ పిలవడం లేదు, పప్పు వడ్డించమని లేదు, ఫోను మోగటం లేదు. ఎవరైనా పిలిస్తే బావుణ్ణు అనిపించింది ఒక్కసారి. పిలిస్తే దిగొచ్చు, వాళ్ళమీద తోసెయ్యొచ్చు. ఎవరూ పిలవరు ఇవాళ, అందరికీ అంచు సంగతి తెలుసు. రోలరు చేతిలోకి తీసుకుంది, ఎత్తింది, అంచుకి జానెడు కింద ఆపింది. మావయ్య చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. ఉంచు అన్నాడు.

చిన్నారి బల్ల దిగింది. రోలరుని తీసుకెళ్ళి నీళ్ళ బకెట్లో ముంచేసింది, రంగు పాలలా విడిపోయింది, ఇక వెంటనే వేద్దామన్నా పనికిరాదు. అయినా భయం పోలేదు, బ్రష్షుంది కదా, ఇంకా అంచు తడిగానే ఉంది కదా, పరిగెత్తి కలిపేస్తుందేమో తను, తన మీద తనకే నమ్మకం లేదు. లుంగీ లాగేసింది. కిటికీలు తెరిచింది. స్విచ్చు మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకుని, ఫేను వేసింది. ఐదులో పెట్టింది. గాలి నెత్తిన కవరుని పటపటలాడించింది, కవరు పీకి పారేస్తే తడి జుట్టులోకి చల్లగా దూరింది, పేపర్లన్నీ లేచి గదంతా ఎగిరేయి, ఒకటి వచ్చి రంగు డబ్బాలో పడి అంటుకుంది, తీయలేదు. ఏదో దొంగతనం చేసినట్టుంది, ఆకలి కూడా వేస్తోంది. ఫోను తీసింది.

"పిన్నీ, గది ఉంది. మగ్గం ఇటే పంపండి."

"మీ అత్తగారు సరేనన్నారా?"

"అనలేదు. అనరు. పంపండి పిన్నీ."

అవతల "ఏమండీ" అని ముందుగదిలోకి కేక, కుట్టుమిషను ఆగిన చప్పుడు. "అనకాపల్లిలోనే అని సెప్పండి ఆటో అతనికి, పేట కాదు" అంటోంది పిన్ని.

చిన్నారి బోసినేల మీద వెల్లకిలా పడుకుంది. అంచు ఆరడం ఇంతవరకూ ఎప్పుడూ చూడలేదు, పోయిన సారి పప్పు వడ్డిస్తోంది. గోడల దగ్గర మొదలైంది, మెరుపు రెండు వైపులనుంచీ తగ్గుకుంటూ ఫేను కేసి వస్తోంది, వెనక మాసిపోయిన తెలుపు, దాని కొసన చిన్న గట్టులా తేలుతున్న గీత, ఇంకా లేవచ్చు, ఇంకా బ్రష్షు తియ్యచ్చు, ఇంకా, పిడికిళ్ళు బిగించుకుంది, గోళ్ళు అరచేతుల్లో దిగేయి. పింకీ వచ్చి చూస్తే ఏమంటుంది? ఎందుకమ్మా వంకర అంటుంది. పడుకో నా పక్కన, చూడు, ఇల్లేమీ కూలిపోలేదు అని చెప్పాలి. వీధి గేటు కిర్రుమంది. కొత్త గొంతులు, అత్తగారి గొంతు, "రండి, రండి, పైకే. మా కోడలే ఏత్తంది. దాని చెయ్యి సూత్తారుగా." మెట్ల మీద మూడు జతల అడుగులు. చిన్నారి లేచి చీర దులుపుకుంది, దులిపినా పోయే రంగు కాదు, గడియ తీసింది.

ముందు సూర్యకాంతమ్మ వచ్చింది, ఆయాసంగా, నవ్వుతూ, వెనక బేంకాయన, ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని ఆయన భార్య. ఫేను గాలికి ఒక పేపరు వచ్చి ఆవిడ కాళ్ళకి చుట్టుకుంది. సూర్యకాంతమ్మ అలవాటుగా తల పైకెత్తింది, నవ్వు అలాగే ఉంది, చూపు పసుపు దాటి, మచ్చలు దాటి, ఫేను దగ్గర ఆగిపోయింది.

"ఇదేటే!" అంది. తిరుగుతున్న ఫేనునీ, తెరిచిన కిటికీల్నీ చూసింది. "ఫేనెవులు ఏసేరు? మధ్యలో నిన్ను ఎవులు పిలిచేరే?"

పొద్దుటి రంగుచుక్క రుచి ఇంకా చిన్నారి నాలిక మీదే ఉంది.

"ఎవరూ పిలవలేదత్తయ్యా" అంది. "నేనే ఆపేను. ఈ గదిలో నేను మగ్గం పెట్టుకుంటాను."

సూర్యకాంతమ్మ కోడలి మొహం వంక చూడలేదు. ఇంకా పైకే చూస్తోంది. గీత అప్పటికి ఆరిపోయింది.